ఉద్దానానికి ఎవరి కమిటీ మేలు?

మా మావయ్యది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం, కిడ్నీ జబ్బు బాగా పాకిన ప్రాంతం. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మధ్యాహ్నం షిఫ్టు పడిన రోజున మంచం దిగేసరికి చీకటి పడుతుంది, ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. సూది గుచ్చిన చేతిని తువ్వాలుతో చుట్టుకుని రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడతాడు. షిఫ్టు గంట ముందుకు జరిపినా చాలు, బస్సు అరగంట ఆగినా చాలు. ఈ మాట ఎవరికి చెప్పాలో తెలియకే నేను ఆరోగ్య కమిటీల సంగతి చదవడం మొదలుపెట్టాను.

మన దగ్గర నడిచేది కలెక్టర్ పద్ధతి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక జిల్లాకో ఆరోగ్య సంఘం పెట్టారు. కలెక్టర్ ముందుండి నడిపిస్తే, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ), మిగతా శాఖలవాళ్లు కూర్చుని ఏడాది ప్రణాళిక తయారుచేసి పైకి పంపుతారు. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల తాగునీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయంటే అది రాష్ట్రం తలచుకోబట్టే. నీళ్ల శాఖను, వైద్య శాఖను, రెవెన్యూను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఏ సర్పంచ్‌కూ అయ్యే పని కాదు.

కానీ ఉద్దానంలోని కవిటి నుంచి జిల్లా కేంద్రం శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే. మావయ్య బస్సు గొడవ ఆ బల్ల దాకా వెళ్లదు.

ఊళ్లోనూ ఒక కమిటీ ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ అని పెద్ద పేరు. సర్పంచ్, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు ఉంటారు. మొదట్లో కేంద్రం దీనికి ఏడాదికి 10,000 రూపాయలు పెట్టింది. నేను చూసిన ఒక మీటింగు పావుగంటలో అయిపోయింది: బ్లీచింగ్ పౌడర్ ఎన్ని బస్తాలు, బావి దగ్గర బురద ఎవరు ఎత్తాలి, అంతే. రిజిస్టరు మాత్రం ఆ తర్వాత కూడా ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకుంది. తప్పు వాళ్లది కాదు. ఆ డబ్బుతో అంతకంటే ఏం మాట్లాడతారు?

కేరళ ఈ ముడి వేరేలా విప్పింది. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామని నిర్ణయించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) గ్రామ పంచాయతీ చేతికి, దానికి పైనుండే సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) బ్లాకు పంచాయతీకి, జిల్లా ఆసుపత్రి జిల్లా పంచాయతీకి వెళ్లాయి. డాక్టర్ల జీతాలు మాత్రం రాష్ట్రమే ఇస్తుంది. మంచం పట్టినవాళ్లను ఇంటికి వెళ్లి చూసే పాలియేటివ్ నర్సులకు అక్కడ పంచాయతీలే డబ్బు పెడుతున్నాయి. అలాంటి చోట షిఫ్టు గొడవ ప్రెసిడెంటుకు చెప్పుకోవచ్చు, మళ్లీ ఓట్లకు వచ్చినప్పుడు నిలదీయవచ్చు. మన పంచాయతీలకు అంత డబ్బూ లేదు, ఆసుపత్రి మీద అంత పెత్తనమూ లేదు. నిధులివ్వకుండా కమిటీ పేరు ఒక్కటీ తెచ్చుకుంటే ఆ రిజిస్టరే మిగులుతుంది.

ఇంకో పద్ధతిని అమెరికా చేసి వదిలేసింది. 1974 చట్టంతో దేశాన్ని సుమారు 200 ఆరోగ్య ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో దానికి ప్రణాళిక సంస్థ పెట్టారు. బోర్డులో సగానికి మించి వైద్యం పొందే జనమే ఉండాలి, డాక్టర్లూ ఆసుపత్రులవాళ్లూ కాదు. కొత్త ఆసుపత్రి కట్టాలన్నా, ఖరీదైన యంత్రం కొనాలన్నా అవసరం ఉందా లేదా అని ఆ సంస్థ చూసి అభిప్రాయం చెప్పేది. ఆఖరి మాట మాత్రం రాష్ట్రానిదే. 1986లో చట్టాన్నే రద్దు చేశారు.

రద్దయిందని పక్కన పెట్టేయలేను. అందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది: ఆరోగ్య ప్రణాళికకు తగ్గట్టు ప్రాంతాన్ని గీయడం. మనకైతే ఆ గీత రోగం ఉన్న మేరకు ఉండాలి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. గీతలు అలా మారుతుంటాయి. ఉద్దానం రోగం మాత్రం కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పాకింది. జనం వైద్యానికి విశాఖా వెళ్తారు, సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురమూ వెళ్తారు. ఏ ఒక్క పంచాయతీకీ ఇది అందదు, జిల్లా మొత్తం లెక్కలో వేస్తే పలచబడిపోతుంది.

అందుకే నా ఓటు ఈ ఏడు మండలాలకూ కలిపి ఒక మండలికి. నీళ్లూ, పెద్దాసుపత్రీ కలెక్టర్ దగ్గరే ఉండనివ్వండి. షిఫ్టులు, బస్సులు, మందుల స్టాకు, నీటి పరీక్షల ఫలితాలు మాత్రం ఈ మండలి ముందుకు రావాలి. సగానికి పైగా సభ్యులు డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లో, వాళ్ల ఇంటివాళ్లో కావాలి. మండలి రాసిన ప్రతి మాటకూ అధికారులు నెల తిరిగేలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఈ ఆఖరి షరతు లేకపోతే మిగతావేవీ నాకు అక్కర్లేదు.

ఇదంతా మావయ్యకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "మీటింగు మంగళవారం పెట్టొద్దని రాయి, ఆ రోజు నాకు డయాలసిస్" అన్నాడు.