సేజ్ క్రీక్ కంకర రోడ్డు, 214 డాలర్ల మోటెల్

ముందు మోటెల్ ఏడుపు ఏడ్చేసి తర్వాత రోడ్డు సంగతి చెప్తా. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రం, వాల్ అనే చిన్న ఊరు, జూన్ నెల, ఒక్క రాత్రికి ట్యాక్స్‌తో కలిపి 214 డాలర్లు. తలుపు తీయగానే తడి కార్పెట్ కంపు, ఏసీ అయితే పిండిమర మోత. రూమ్ మార్చమంటే కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే ఫుల్ అన్నాడు, పార్కింగ్ చూస్తే సగం ఖాళీ! ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అని రాశారు కదా అని ఏడున్నరకి దిగితే అడుగంటిన వాఫుల్ పిండి, రెండు యాపిల్స్. మా ఆవిడ మొహం మాడ్చుకుంది. ఒంగోలు నుంచి వచ్చిన మామయ్య గారు మాత్రం బ్యాగులోంచి జంతికలు తీశారు.

అక్కడ వాల్ డ్రగ్ అని టూరిస్టులంతా ఆగే పెద్ద షాపు, అందులో కాఫీ ఇప్పటికీ 5 సెంట్లే. మామయ్య గారు రెండు కప్పులు తాగారు, రుచి కూడా ఐదు సెంట్లదే.

మేం వచ్చింది ఆ పక్కనే ఉన్న బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు కోసం. ఎంట్రీ కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పినకిల్స్ గేటు దాటాక అందరూ తారు రోడ్డు పట్టుకుని పోతారు, మేం కుడికి సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు మీదకి తిప్పాం. అంతా కంకర, దుమ్ము, కారు గడగడ, రెండువైపులా కనుచూపు మేర గడ్డి, గాలికి అలల్లా వంగుతూ. కంచె గుంజ మీద మెడోలార్క్ పిట్ట, పసుపు రొమ్ము మీద నల్లటి వంకీ, అంత చిన్న గొంతులోంచి అంత పాట ఎలా వస్తుందో! ప్రాంగ్‌హార్న్ లేడి ఒకటి కంచె దూకుతుందనుకుంటే కింద నుంచి దూరిపోయింది. రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ దగ్గర ఆపాం, పేరుకే కుక్కలు గానీ అవి ఉడుత జాతి, ఒకటి కీచుమంటే చాలు అన్నీ బొరియల్లోకి మాయం.

"గేదెల్ని చూడ్డానికా బాబూ ఇంత దూరం" అని పొద్దున్నుంచీ గొణుగుతున్న మామయ్య గారు, ఇంకాస్త ముందుకెళ్ళాక బైసన్ (అమెరికా అడవి దున్న) మంద రోడ్డుకి అడ్డంగా నిలబడేసరికి నోరు మూసేశారు. ఇంజిన్ ఆపేసి ఇరవై నిమిషాలు కూర్చున్నాం. ఒకటి మా కిటికీ పక్కనే ఆగింది: చలికాలం బొచ్చు ఊడిపోతూ పాత కంబళి పేలికల్లా వేలాడుతోంది, గడ్డంలో ముళ్ళకాయలు, ఊదిన ఊపిరికి అద్దం మసకబారింది. వెనకాల ఇటుకరంగు దూడలు. మామయ్య గారు గుసగుసగా, "కాస్త దువ్వితే మన ఒంగోలు గిత్తకేం తీసిపోదు" అన్నారు.

వానపడ్డాక మాత్రం ఈ రోడ్డు జోలికి వెళ్ళకండి, బురదలో జారుతుంది. సిగ్నల్ ఉండదు, పెట్రోల్ ముందే కొట్టించుకోండి. బైసన్‌కి వంద గజాల దూరం రూలు, అదే మీ దగ్గరికి వస్తే కారు దిగకండి.

అసలు కడుపు మండిందేంటంటే, ఆ రోడ్డు పక్కనే సేజ్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, రాత్రికి ఒక్క సెంటు కూడా తీసుకోరు. నీళ్ళు లేవు, గుంట మరుగుదొడ్లు, అంతే. నీళ్ళు లేని చోట పడుకునేది లేదని మా ఆవిడ తేల్చేసింది. మామయ్య గారేమో టెంట్ ఎంతవుతుంది బాబూ అని రెండోసారి అడుగుతున్నారు.