ఆయన తీరిక, ఆమె తీరిక

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటి పనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 97. అదీ పని చేసేవాళ్ల లెక్కే. అసలు రోజులో ఏదో ఒక ఇంటి పని ముట్టుకున్నవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. 2024 సర్వేకి ఆ నిమిషాలు 289, 88 అయ్యాయి. ఆమెకు పది తగ్గాయి, సంతోషం. ఆయనకూ తొమ్మిది తగ్గాయి మరి!

విచిత్రమేమిటంటే, 2019 సర్వేలో తీరిక సమయం మాత్రం ఇద్దరికీ దాదాపు సమానమే. ఇంకేం కావాలి అనేవాళ్లుంటారు. నాకు మా ఇంటి హాలు గుర్తొస్తుంది. నాన్న న్యూస్ చూస్తే న్యూసే చూస్తారు, రిమోట్ చేతిలో. అమ్మ సీరియల్ చూస్తుంటే ఒళ్లో చిక్కుడుకాయల చేట, ఒక చెవి కుక్కర్ విజిల్ మీద. ప్రకటనలు రాగానే లేచి పప్పుకు తాలింపు. లెక్కకు ఇద్దరూ అరగంట టీవీ చూసినట్టే.

ఆదివారం సంగతి చెప్పనక్కర్లేదు. ఆయనకు సెలవు, ఆమెకు చికెన్ కూర, పైగా చుట్టాలు.