స్పాట్‌మాటిక్‌తో పదకొండేళ్లు

ఒకప్పుడు నా బీరువాలో పద్నాలుగు ఫిల్మ్ కెమెరాలు ఉండేవి. ఇప్పుడు మూడు మిగిలాయి. ఒకటి ఒలింపస్ ఓఎం-1. ఇంకోటి నాన్న వాడిన రేంజ్‌ఫైండర్, దాని షట్టర్ ఎప్పుడో చచ్చిపోయింది, అమ్మే ఉద్దేశం లేదు. భుజాన వేసుకుని బయటికి తీసుకెళ్లేది మాత్రం ఒక్కటే: అసాహి పెంటాక్స్ స్పాట్‌మాటిక్. 1964లో అమ్మకానికి వచ్చిన మోడల్. నా చేతికి వచ్చేనాటికే దాని వయసు నాకంటే ఎక్కువ. దీంతో సుమారు రెండు వందల రీళ్లు తీశాను. కొత్తగా కొన్న మురిపెంలో రాస్తున్నది కాదిది.

లెన్స్‌తో కలిపి 850 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పొద్దంతా తిరిగితే సాయంత్రానికి మెడ లాగుతుంది. అయినా చేతిలో పట్టుకున్నప్పుడు ఆ బరువు మంచిదే అనిపిస్తుంది, తక్కువ వెలుతురులో 1/30 సెకను దగ్గర కూడా చెయ్యి వణకదు. షట్టర్ గుడ్డతో చేసినది, అడ్డంగా పరిగెడుతుంది. గరిష్ఠంగా 1/1000. ఫ్లాష్ పెడితే 1/60 దాటకూడదు. ఫ్లాష్ తగిలించడానికి పైన చోటు కూడా లేదు, విడిగా ఒక క్లిప్పు కొనుక్కోవాలి. నేను కొనలేదు.

పేరులో 'స్పాట్' అని ఉంది కదా అని దీని మీటర్ ఫ్రేములో ఒక చుక్క దగ్గరి వెలుతురునే కొలుస్తుందనుకోకండి. 1960లో చూపించిన నమూనాలో అలాంటి మీటరే ఉండేది. అమ్మకానికి వచ్చేసరికి మొత్తం ఫ్రేము సగటు తీసే మీటర్‌గా మార్చేశారు, పేరు మాత్రం అలాగే ఉంచేశారు. అందుకే ఎదుటి మనిషి వెనక వెలుగున్న ఆకాశం ఉంటే ఆ మీటర్ మాట వినకూడదు. వింటే మొహం నల్లగా వస్తుంది. కెమెరాని కిందికి వంచి నేలమీద రీడింగ్ తీసుకుని, మళ్లీ పైకెత్తి ఫొటో తీయాలి. మొదటి నాలుగైదు రీళ్లలో సగం మొహాలు బొగ్గులే.

మీటర్ వాడే పద్ధతి కూడా పాతదే. లెన్స్ పక్కనున్న మీటను పైకి తోస్తే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) చిన్నదవుతుంది, వ్యూఫైండర్ చీకటవుతుంది, కుడి పక్కన చిన్న ముల్లు కదులుతుంది. ఆ ముల్లు మధ్యకు వచ్చేదాకా రింగు తిప్పాలి. ఆ రంధ్రం బాగా చిన్నదైన ఎఫ్/16 దగ్గర సాయంత్రం పూట ఏమీ కనబడదు. పిల్లలు పరిగెత్తుతుంటే ఈ తతంగం కుదరదు. ఎండలో అయితే నేను మీటర్‌ని అసలు తాకను: ఎఫ్/16 పెట్టి, ఫిల్మ్ స్పీడు (డబ్బామీద ఉండే ఐఎస్ఓ అంకె) ఎంతో షట్టర్ స్పీడు దానికి దగ్గరగా పెట్టేస్తే సరిపోతుంది. 400 ఫిల్మ్ అయితే 1/500. నెగటివ్ ఫిల్మ్‌కి కాస్త అటూ ఇటూ అయినా ఓర్పు ఎక్కువ, ముఖ్యంగా వెలుతురు ఎక్కువైనప్పుడు. స్లైడ్ ఫిల్మ్‌తో మాత్రం ఈ ధీమా పనికిరాదు.

బ్యాటరీ సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గర్నుంచి సగం కెమెరాలు వెళ్లిపోయింది దానివల్లే. అప్పటి కెమెరాల్లో చాలావాటికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి. పాదరసం విషం కాబట్టి వాటి తయారీ ఆగిపోయింది. అదే సైజు ఆల్కలైన్ బ్యాటరీ పెడితే ముల్లు కదులుతుంది కానీ అబద్ధం చెబుతుంది, పైగా వోల్టేజీ తగ్గేకొద్దీ రోజుకో అబద్ధం. ఓఎం-1లో వినికిడి యంత్రాలకు వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ పెడుతున్నాను. దాని స్టిక్కర్ ఒకసారి తీసేస్తే గాలి తగిలి, వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. స్పాట్‌మాటిక్‌లో బ్రిడ్జి సర్క్యూట్ ఉంది. వోల్టేజీ కొద్దిగా ఎక్కువైనా రీడింగ్ మారదు. మామూలు 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ వేసి ఏడాదికిపైగా మర్చిపోవచ్చు. బ్యాటరీ లేకపోయినా షట్టర్ ఆగదు, అది మొత్తం స్ప్రింగులు, గేర్ల పని.

ఇక అసలు విషయం. ఈ కెమెరాలు వాడితే అరుగుతాయని భయపడి నేను మంచివాటిని లోపల దాచేవాణ్ణి. తోలు కేసుల్లో, వరసగా, చూడముచ్చటగా. మూడేళ్ల తర్వాత తీసి చూస్తే రెండింటి స్లో స్పీడులు బిగుసుకుపోయాయి, ఒకదాని అద్దం పైకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. లోపలి గ్రీజు కదలిక లేక జిగురులా మారడమే కారణం. వెనక తలుపు అంచుల్లో వెలుతురు రాకుండా పెట్టే స్పాంజి తారులా కరిగి వేళ్లకు అంటుకుంది. నేను రోజూ తిప్పలు పెడుతున్న స్పాట్‌మాటిక్ మాత్రం గడియారంలా నడుస్తోంది. అప్పటినుంచి బీరువాలో ఉన్నవాటినైనా నెలకోసారి తీసి, ఫిల్మ్ లేకుండానే అన్ని స్పీడుల మీద పది పదిహేను సార్లు కొడతాను. తోలు కేసులు తీసి పారేశాను. అవి తేమను పట్టి ఉంచుతాయి, లెన్సుకి ఫంగస్ రావడానికి అంతకంటే అనువైన చోటు ఇంకోటి లేదు.

పదకొండేళ్లలో రెండుసార్లు సర్వీసింగ్ చేయించాను. మొదటిసారి ఎందుకంటే, 1/1000 దగ్గర తీసిన ప్రతి ఆకాశం ఒక అంచున నల్లబడి వచ్చేది. లెన్స్ తప్పు అనుకుని లెన్స్ మార్చాను, అయినా అదే. చివరికి తేలిందేమిటంటే, షట్టర్‌లోని రెండు తెరల్లో ఒకటి వయసు మీద పడి రెండోదానితో సమానంగా పరిగెత్తడం లేదు. పాత కెమెరా కొనేవాళ్లకు నా సలహా ఇదే: మొదటి రీలు తెల్లటి గోడమీదో, మబ్బుల్లేని ఆకాశం మీదో అన్ని స్పీడుల్లోనూ తీసి చూడండి. అందమైన ఫొటోలు రెండో రీలు నుంచి మొదలుపెట్టవచ్చు.

నా వల్ల జరిగిన నష్టం ఒకటుంది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఒక పెళ్లికి తీసుకెళ్లి 36 ఫొటోలు తీశాను. 37, 38 కూడా పడుతుంటే సంబరపడ్డాను. ఫిల్మ్ మొన అసలు స్పూల్‌కి పట్టుకోనే లేదు. లీవర్ తిప్పినప్పుడల్లా లెక్క పెరుగుతుంది, ఫిల్మ్ మాత్రం డబ్బాలోనే ఉంటుంది. లీవర్ తిప్పుతుంటే ఎడమ పక్కన రీవైండ్ పిడి కూడా తిరుగుతోందా లేదా అన్నది ఒక్కటే గుర్తు. ఇప్పుడు నిద్రలో తిప్పినా నా కన్ను ఆ పిడి మీదే ఉంటుంది. పెళ్లికొడుకు ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు.

లెన్సుల విషయానికొస్తే, నేను ఎక్కువగా వాడేది సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.4. మొదట్లో ఇది 8 గాజులతో వచ్చేది, తర్వాత 7 గాజులకు మార్చారు. సేకరించేవాళ్లు ఎనిమిదింటి దానికోసం వెతుకుతారు, ఫోకస్ రింగు దగ్గరున్న ఎర్ర గీత చోటు చూసి గుర్తుపడతారు. నాది ఏడింటిది. దాని వెనక భాగం గాజులో థోరియం ఉంది, కొద్దిగా రేడియోధార్మికత ఉన్న పదార్థం. కెమెరాకు తగిలించి వాడుకునేవాళ్లు దానికి భయపడక్కర్లేదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజు పసుపెక్కుతుంది. నాది వచ్చినప్పుడు టీ డికాక్షన్ రంగులో ఉంది. అల్ట్రావయొలెట్ దీపం కింద వారం రోజులకు పైగా పెడితే దాదాపు తెల్లబడింది. నలుపు తెలుపు ఫిల్మ్ వాడేవాళ్లయితే ఆ పసుపును అలాగే ఉంచుకోవచ్చు, లేత పసుపు ఫిల్టర్ ఊరికే వచ్చినట్టు.

ఎఫ్/1.4 దగ్గర ఇది మెత్తగా ఉంటుంది, వెలుగు అంచుల్లో పొగలా కమ్ముతుంది. ఎఫ్/4కి వచ్చేసరికి చురుక్కుమంటుంది. ఫోకస్ రింగు తిప్పడంలో ఉన్న సుఖం నాకు ఏ కొత్త లెన్సులోనూ దొరకలేదు, వెన్నలో వేలు పెట్టినట్టుంటుంది. ఎదురు ఎండలో మాత్రం బలహీనం. 1971లో వచ్చిన, గాజుమీద ప్రతిబింబాలు తగ్గించే బహుళ పూతల టకుమార్‌లు ఈ విషయంలో మెరుగు.

రెండోది సోవియట్ హీలియోస్ 44-2, 58 మిల్లీమీటర్లు, ఎఫ్/2. జర్మన్ బయోటార్ డిజైన్ నుంచి పుట్టింది. వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయని దీనికి పేరు. ఆ సుడి ప్రతి ఫొటోలో రాదు. ఎఫ్/2లో, మనిషి దగ్గరగా, వెనక కొన్ని మీటర్ల దూరంలో ఆకుల మధ్య వెలుతురు చుక్కలు ఉండాలి. ఏడాదిపాటు అందరినీ చెట్ల ముందు నిలబెట్టాను. తర్వాత విసుగొచ్చింది. ఇప్పుడు ఏడాదికి రెండు రీళ్లకే దీన్ని తగిలిస్తాను.

రెండింటిదీ 42 మిల్లీమీటర్ల మర మౌంటే. లెన్స్ మార్చాలంటే సీసా మూతలా చుట్లు చుట్లుగా తిప్పాలి, తొందరలో మర తప్పుతుంది కూడా. కానీ ఇదే మౌంటు వల్ల ఒక అడాప్టర్‌తో ఇవి నా మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా మీదా ఎక్కుతాయి. నిజం చెప్పాలంటే, టకుమార్‌తో ఫోకస్ చేయడం నేను నేర్చుకుంది అక్కడే, రీళ్లు వృథా కాకుండా.

పాత లెన్స్ కొనేటప్పుడు పైపై గీతలకు బేరం చెడగొట్టుకోకండి, చిన్న గీతలు ఫొటోలో కనబడవు. చీకట్లో వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూటి దారాల్లాంటివి కనబడితే ఫంగస్, తెల్లటి మసక కనబడితే అంతకంటే అనుమానించాలి. 'గాజు అద్దంలా ఉంది' అని ఒకాయన రాసిన లెన్సులో నేను టార్చి వేసి చూస్తే చిన్న అడవే ఉంది. ఫంగస్ పూతను తినేసి ఉంటే, తుడిచినా మచ్చ పోదు.

ఇక రీళ్లు కడగడం గురించి ఒక మాట. నలుపు తెలుపు నేనే 20 డిగ్రీల దగ్గర ఇంట్లో కడుగుతాను, బాత్రూమే డార్క్‌రూమ్. రంగుల ఫిల్మ్‌కి 38 డిగ్రీలు కచ్చితంగా నిలపాలి, ఆ టెన్షన్ నాకు వద్దని బయట ఇస్తాను.

ఈ మధ్య ఒక సెకను స్పీడు మళ్లీ సెకనున్నర లాగుతోంది. చెవికే తెలిసిపోతోంది. లోపలున్న రీలులో ఇంకా తొమ్మిది ఫ్రేములున్నాయి. అవి అయ్యాక మూడోసారి సర్వీసుకి పంపాలి, అన్నాళ్లూ ఓఎం-1కి కొత్త జింక్-ఎయిర్ స్టిక్కర్ తీయాలి.