ఈగ, శివ, అహ నా పెళ్ళంట: ఒక్క వారాంతానికి మూడు రుచులు

ముందు చూడాల్సింది రాజమౌళి ‘ఈగ’ (2012). నాని పాత్ర విలన్ చేతిలో తొందరగానే చనిపోయి, పగ తీర్చుకోవడానికి ఈగగా మళ్లీ పుడుతుంది. ఆ తర్వాత భారమంతా మాటలు రాని ఈగదే. దాని మొహంలో భావాలు పలకవు కాబట్టి కోపం, దిగులు అన్నీ తల తిప్పడంలో, ముందుకాళ్ల కదలికలో చూపించారు. పగ కూడా ఈగకు చేతనైన పనులతోనే మొదలవుతుంది: చెవి దగ్గర రొద, నిద్ర చెడగొట్టడం. ఎదురుగా ఏమీ లేకుండానే అంత విసుగు, భయం పలికించిన విలన్ సుదీప్‌ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మాంత్రికుడి ఘట్టం మాత్రం అతకలేదు. అప్పటిదాకా ఈగ తెలివితో నడిచిన కథ అక్కడ మంత్రాల పాలైంది. ఫోన్ స్పీకర్‌లో చూడకండి, రొద ఎటునుంచి వస్తోందో తెలియకపోతే సగం మజా పోతుంది.

యాక్షన్ కావాలంటే వర్మ ‘శివ’ (1989). నాగార్జున సైకిల్ చైన్ లాగేముందు ఆ కాసేపు మౌనం చూడండి, దెబ్బకన్నా అదే బలమైనది.

నవ్వుకోవాలంటే జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987). పిసినారి పాత్రలో కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే తీరు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.