కొత్త కెర్నెల్ బూట్ కాలేదా? ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సరిచేయడం మేలా, డ్రైవర్లను లోపలే కలిపేయడం మేలా?

సొంతంగా కంపైల్ చేసిన లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మొదటి బూట్‌లోనే పడిపోతే చాలామంది టెన్షన్‌తో ఉబుంటు మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. దాదాపు ఎప్పుడూ ఆ అవసరం రాదు. పాత కెర్నెల్ డిస్క్‌లో అలాగే ఉంటుంది. మెషీన్ ఆన్ చేయగానే ఎస్కేప్, పాత బయాస్ అయితే షిఫ్ట్ నొక్కితే గ్రబ్ (కెర్నెల్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) మెనూ వస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాతదాన్ని ఎంచుకుంటే సరి.

తేల్చుకోవాల్సింది ఆ తర్వాతే. ముందు స్క్రీన్ మీద ఏముందో చూడాలి. కావలిలో ఇంజినీరింగ్ చదివే మా పిన్ని కొడుకు ఫొటో తీసి పంపాడు: "ఏందన్నా ఇది, ల్యాప్‌టాప్ పోయినట్టేనా?" కెర్నెల్ పానిక్ (కెర్నెల్ ముందుకెళ్లలేక ఆగిపోయే ఎర్రర్) లైను చివర 'అన్‌నోన్ బ్లాక్', పక్కన బ్రాకెట్లో రెండు సున్నాలు. అంటే కెర్నెల్‌కు డిస్కే కనబడలేదు. మావాడు కెర్నెల్ ఇమేజ్ ఒక్కదాన్నే బూట్ ఫోల్డర్‌లోకి కాపీ చేశాడు, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో డిస్క్ డ్రైవర్లను అందించే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) తయారు చేయనేలేదు. సున్నాల బదులు 8, 2 లాంటి అంకెలుంటే డిస్క్ దొరికినట్టే. అప్పుడు ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్‌సిస్టమ్ డ్రైవర్‌ను అనుమానించాలి. పానిక్ రాకుండా బిజీబాక్స్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే చిన్న షెల్) దగ్గర ఆగిందా? ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లోడయింది గానీ రూట్ డిస్క్ (సిస్టమ్ ఫైళ్లుండే డిస్క్) దొరకలేదు. 'మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్' కమాండ్ (మాడ్యూళ్లను, అంటే విడి డ్రైవర్ ఫైళ్లను, డిస్క్‌లో పెట్టేది) మరిచిపోయినవాళ్లకు తరచుగా ఎదురయ్యేది ఇదే.

ఈ మూడింట్లో దేనికైనా, డ్రైవర్లు మాడ్యూళ్లుగా కంపైలై ఉంటే, నా ఓటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌కే. పాత కెర్నెల్‌తో బూట్ చేసి, కొత్తదాని మాడ్యూళ్లు ఇన్‌స్టాల్ చేసి, కొత్త వెర్షన్‌కు 'అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్', ఆపైన 'అప్‌డేట్ గ్రబ్' కొడితే నిమిషాల్లో అయిపోతుంది. మే నెల ఒంగోలు ఎండలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మధ్యాహ్నం, పాత ల్యాప్‌టాప్ మీద కంపైల్ మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఎవరికుంది? ఒక్క చిక్కుంది. డీబగ్ సమాచారంతో మాడ్యూళ్లు బాగా ఉబ్బి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌నూ పెంచుతాయి, బూట్ పార్టిషన్ చిన్నదైతే నిండిపోతుంది. మాడ్యూళ్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే 'ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్' విలువ 1 ఇస్తే సైజు తగ్గుతుంది. రీబూట్‌కు ముందు బూట్ ఫోల్డర్‌లో కొత్త ఇనిట్‌ఆర్‌డీ ఫైలు (ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఉండేది ఇందులోనే) ఉందా, పాతదానికన్నా మరీ పెద్దగా ఉందా అని చూసుకోండి.

డ్రైవర్లను లోపలే కలపడం, అంటే కాన్ఫిగ్‌లో 'ఎమ్' తీసి 'వై' పెట్టడం, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. ఎన్‌వీఎమ్‌ఈ (ఎస్ఎస్‌డీ డ్రైవర్), ఈఎక్స్‌టీ4 రెండూ లోపలే ఉంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అక్కర్లేదనిపిస్తుంది. తీరా బూట్ చేస్తే అదే పానిక్! గ్రబ్ రూట్ డిస్క్‌ను ఫైల్‌సిస్టమ్ యూయూఐడీతో (దాని గుర్తింపు సంఖ్యతో) చెబుతుంది, దాన్ని వెతికి పట్టే పని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ది. కెర్నెల్‌కు నేరుగా అర్థమయ్యేది పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య), లేదా డివైస్ పేరు. రూట్ ఎల్‌వీఎమ్ (డిస్క్ స్థలాన్ని వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) మీదున్నా, ఎన్‌క్రిప్ట్ చేసున్నా ఈ దారి మామూలుగా పనికిరాదు. క్యూఈఎమ్‌యూలో (వర్చువల్ మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్) రోజూ కెర్నెల్ మార్చి మార్చి పరీక్షించేవాళ్లకు మాత్రం ఇదే హాయి.

కంపైల్ టైమ్ తగ్గుతుందని 'లోకల్ మాడ్ కాన్ఫిగ్' వాడేవాళ్లు ఒకటి గమనించాలి: ఆ క్షణంలో లోడై ఉన్న మాడ్యూళ్లే అందులోకి వస్తాయి. పెన్‌డ్రైవ్, ప్రింటర్, వైఫై డాంగిల్ అన్నీ తగిలించి, ఒకసారి వాడాకే ఆ కమాండ్ ఇవ్వండి.

గ్రబ్ దగ్గరే 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అని ఆగితే పై రెండు దారులూ దండగే. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కెర్నెల్‌ను అడ్డుకునే రక్షణ) ఆపాలి, లేదా కెర్నెల్‌ను సొంత కీతో సైన్ చేసి ఆ కీని మెషీన్‌లో ఎన్‌రోల్ చేయాలి.