‘బ్యాక్‌లైట్ కొత్తది వేశాం’ అని అమ్మే పాత మానిటర్లతో జాగ్రత్త

బ్యాక్‌లైట్ (తెరను వెనుక నుంచి వెలిగించే దీపం) మార్చిన పాత మానిటర్ కొనబోతున్నవారు డబ్బు ఇచ్చే ముందు దాన్ని కనీసం గంటసేపు ఆపకుండా వెలిగించి చూడవలసిందిగా మనవి. నేను ఐదు నిమిషాలు చూసి తృప్తిపడ్డాను.

ఇంటికి తెచ్చిన మూడో రోజున తెర ఎడమ మూల మసకబారి, వెనుక గాలి రంధ్రాల నుంచి ప్లాస్టిక్ కమురు వాసన వచ్చింది. ప్లగ్ తీసి, చల్లారాక విప్పించి చూస్తే, సన్నని సీసీఎఫ్‌ఎల్ ట్యూబులు (పాత మానిటర్ల తెరను వెలిగించే, ట్యూబ్‌లైట్ లాంటి దీపాలు) ఉండవలసిన రేకు గాడిలో, అలంకరణకు వాడే 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను కత్తిరించి జిగురు టేపుతో అంటించి ఉంది. వేడికి జిగురు మెత్తబడి స్ట్రిప్ ఒక కొస ఊడి, కాంతిని తెరంతటా పరిచే అక్రిలిక్ పలక అంచుకు ఆనుకుంది. ఆనిన చోట గోరంత గోధుమరంగు మచ్చ పడింది. వైర్లకు టంకం కూడా లేదు. మెలిపెట్టి టేపు చుట్టారు, అంతే.

ఇలాంటి పనిని విప్పకుండానే పసిగట్టవచ్చు. అసలు బ్యాక్‌లైట్‌కు మానిటర్ బోర్డు నుంచి రెండు సంకేతాలు వెళతాయి: ఒకటి వెలిగించి ఆర్పడానికి, రెండోది వెలుగు తగ్గించి పెంచడానికి. ఆ రెండింటినీ వదిలేసి స్ట్రిప్‌ను నేరుగా 12 వోల్టులకు కలిపితే, మెనూలో బ్రైట్‌నెస్ సున్నాకు దించినా వెలుగు తగ్గదు, కంప్యూటర్ నిద్రలోకి వెళ్లినా తెర వెనుక దీపం ఆరదు. నా మానిటర్‌లో ఈ రెండు లక్షణాలూ మొదటి రోజే ఉన్నాయి, నేనే గుర్తించలేదు. పూర్తి తెల్లని చిత్రం పెట్టి చూస్తే అంచున చుక్కలు చుక్కలుగా వెలుగు, నీలి ఛాయ కూడా తెలుస్తాయి.

సొంతంగా మార్చిన బ్యాక్‌లైట్లన్నీ చెడ్డవని నేను అనను. ప్యానెల్ కొలతకు సరిపడే స్ట్రిప్‌తో పాటు, కరెంటును అదుపుచేసే డ్రైవర్ బోర్డును ఆ రెండు సంకేతాలకూ కలిపి శ్రద్ధగా చేసినది చాలాకాలం నిలుస్తుంది. అందుకే డ్రైవర్ బోర్డు వేశారా అని అమ్మేవారిని సూటిగా అడగండి. వీలైతే లోపలి ఫోటో చూపించమనండి. నాకు అమ్మినవారు డబ్బు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

ఇప్పటికే కొన్నవారు ఈ లక్షణాలు కనిపిస్తే మానిటర్ బటన్‌ను నమ్మకుండా గోడ స్విచ్ దగ్గరే ఆపండి. కవరు మీరే విప్పకండి: పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. పాత ట్యూబులు లోపలే ఉంటే వాటిలో పాదరసం ఉంటుంది. అవి పగలకుండా తీయడం తెలిసినవారికే అప్పగించండి.