పెట్టె మీద కప్ప, లోపల గోరంత నల్ల రేకు

గాల్లో తేలుతున్న కప్ప బొమ్మ చూసి ఈ మాగ్నెటిక్ లెవిటేషన్ (అయస్కాంతాలతో వస్తువుని గాల్లో తేల్చే) కిట్ ఆన్‌లైన్లో కొన్నాను, 899 రూపాయలు. మోసపోయానని అనను గానీ, ఆ బొమ్మ వేసినవాడికి నేనో మొట్టికాయ బాకీ.

తెనాలి దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పెట్టెలో అరంగుళం ఘనాలుగా నాలుగు నియోడిమియం (బాగా బలమైన రకం) అయస్కాంతాలు, ఒక ఇనప పలక, రెండు పైరోలిటిక్ గ్రాఫైట్ (కార్బన్‌లో ఒక రకం) రేకులు ఉన్నాయి. ఒక రేకు విరిగే వచ్చింది. అమ్మినవాళ్ళకి రాస్తే ఫోటో పంపమన్నారు, పంపాను, అంతే, ఉలుకూ పలుకూ లేదు. వాడే విధానం కాగితంలో అక్షరాలు చీమ తలకాయంత. అందులో రాయని సంగతి నేను చెబుతాను: ఈ అయస్కాంతాలు దగ్గరికొస్తే టప్పున కొట్టుకుంటాయి. నా చూపుడువేలి చర్మం మధ్యలో పడి వారం రోజులు నల్లగా ఉంది. చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, మింగితే పేగులకి చాలా ప్రమాదం.

ఉత్తరం పక్కన దక్షిణం వచ్చేలా, చదరంగం గళ్ళలాగా పలక మీద పేర్చి, రేకుని పైన వదిలాను. ఆగింది, ఏమీ అంటకుండా! కింద నుంచి పల్చటి కాగితం దూర్చి చూపించాను పిల్లలకి. ఎత్తు మహా అయితే ఒక మిల్లీమీటరు. మెల్లగా ఊదితే ఒణికి, మళ్ళీ తన చోటికే వచ్చింది. బ్యాటరీ లేదు, దారం లేదు.

"మరి కప్ప ఎప్పుడు మేడమ్?" అన్నాడొకడు. మర్నాడు బోరింగు దగ్గర పట్టుకుని టిఫిన్ డబ్బాలో తెచ్చేశాడు కూడా. దాన్ని వదిలేయించి, కథ చెప్పాల్సొచ్చింది.

కప్ప నిజంగానే తేలింది, 1997లో, నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో. భౌతిక శాస్త్రవేత్త ఆండ్రే గైమ్ బృందం చిన్న కప్పని నిలువు అయస్కాంతం గొట్టంలో వదిలింది. గొట్టం వెడల్పు 32 మిల్లీమీటర్లు, పది రూపాయల బిళ్ళ కంటే కాస్త ఎక్కువ. అయస్కాంత క్షేత్రం సుమారు 16 టెస్లా (క్షేత్రం బలానికి కొలత). ఆసుపత్రి ఎం.ఆర్.ఐ. మామూలుగా 1.5 లేదా 3 టెస్లా. ఆ అయస్కాంతానికి కరెంటు మెగావాట్లలో కావాలి. కప్పలో ఎక్కువ భాగం నీరే, నీరు డయా అయస్కాంత పదార్థం, అంటే అయస్కాంతాన్ని చాలా బలహీనంగా వికర్షిస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ క్షేత్రం వేగంగా తగ్గే చోట ఆ చిన్న తోపుడే బరువుకి సరితూగింది. కప్పకి ఏమీ కాలేదు. గ్రాఫైట్‌కి ఇదే గుణం నీటి కంటే పదుల రెట్లు ఎక్కువ, అందుకే నా బల్ల మీద అది తేలుతుంది, కప్ప తేలదు.

పిల్లలు నమ్మింది మాత్రం కిట్‌లో లేని ప్రయోగాన్ని. స్ట్రా రెండు చివర్లా రెండు ద్రాక్షపళ్ళు గుచ్చి, దారంతో నడిమికి కట్టి వేలాడదీశాను. ఫ్యాన్ ఆపేసి, ఊగడం ఆగాక, అయస్కాంతం దగ్గర పెట్టాను. ద్రాక్ష నిదానంగా, పెళ్ళికి బలవంతంగా వచ్చిన బంధువులా, దూరంగా జరిగింది. అయస్కాంతం తిప్పి రెండో ధ్రువం చూపించినా అటే జరిగింది. ఇనుముకి, ద్రాక్షకి తేడా ఆ ఒక్క దెబ్బతో తేలిపోయింది.

కప్పని లేపినందుకు 2000లో గైమ్‌కి, మరో భౌతిక శాస్త్రవేత్త మైకేల్ బెర్రీకి కలిపి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించే బహుమతి. 2010లో గైమ్‌కే, నోవొసెలోవ్‌తో కలిపి, అసలు నోబెల్ వచ్చింది. దేనికనుకున్నారు? గ్రాఫీన్‌కి. అంటే గ్రాఫైట్‌లోని ఒక్క పరమాణువు మందం పొర. మా బల్ల మీది నల్ల రేకుకి దగ్గరి చుట్టమే.

ఐదింటికి మూడు స్టార్లు. ఒకటి విరిగిన రేకుకి, ఒకటి కప్ప బొమ్మకి కోత పెట్టాను. మిగిలిన రేకు దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో దాచాను. ద్రాక్షపళ్ళు ఎవరు తిన్నారో తేలలేదు.